రెండు బొటనవేళ్లు

పాపకు జ్వరం. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో స్టేషన్ ఘన్‌పూర్‌లో మేం అద్దెకున్న ఇంటి అవ్వ చనిపోయింది. చెప్పింది ఆమె కోడలు. తను ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అంతలో ఎవరో పిలిస్తే ఫోన్ పెట్టేసింది. నేను అడగాలనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. శవాన్ని ముందు పెట్టుకుని కూర్చున్న మనిషిని అలాంటి మాట ఎలా అడుగుతాం?

అవ్వ రెండు కాళ్లతో పోయిందా?

పోయిన చలికాలంలో మడమ పగిలి పుండైందని, కొడుకు వచ్చి భూపాలపల్లికి తీసుకుపోయాడని విన్నాను. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "మంచిగనే ఉన్న బిడ్డా" అనేది. మంచిగ లేనని అవ్వ ఎవరితోనూ ఎన్నడూ అన్నది లేదు. అందుకే ఆ మాట నమ్మలేకపోయేదాన్ని. పాప ఇప్పుడే నిద్రపోయింది. మా ఆయన కూడా పడుకున్నాడు. మహబూబాబాద్‌లోని ఈ ఇంట్లో కూర్చుని నేను ఆమె కాళ్ల గురించే ఆలోచిస్తున్నాను.

ముఖం కంటే ఆ కాళ్లే నాకు బాగా గుర్తు. పొడుగాటి పాదాలు, ఎండిన మడమలు, కడియాలు తీసేసిన చోట తెల్లటి గీత. వాటితో ఆమె మాట్లాడేది. కుడి కాలు 'పెద్దది', ఎడమ కాలు 'చిన్నది'. "పెద్దదాన్ని నమ్మొచ్చు బిడ్డా. చిన్నది దొంగముండ. ఉన్న అంటది, ఉండది." పొద్దున మంచం దిగేముందు రెంటినీ చూసి, "లేశిండ్లా? పలుకుతలేరేందే?" అని గదమాయించేది.

అవి పలికేవి కావు. చాలా ఏళ్ల షుగర్ ఆ అరికాళ్లలోని స్పర్శను తినేసింది. నేల మీద నడుస్తుంటే గోనెసంచుల మీద నడుస్తున్నట్టు ఉండేదట. పడుకుంటే మాత్రం చీమలు, మంటలు. "నడిస్తె ఉండయి, పండుకుంటె ఊకోవు. గిదేం కాపురమే?" అని నవ్వేది.

ఆ ఇంట్లో దిగినప్పుడు నేను చంటిబిడ్డ తల్లిని. పాప కడుపులో ఉన్నప్పుడు నాకూ షుగర్ వచ్చి, కాన్పు తర్వాత తగ్గింది. మళ్లీ వచ్చే అవకాశం ఉంది, జాగ్రత్తగా ఉండమని డాక్టర్ చెప్పింది. ఆ మాట అవ్వ చెవిన పడగానే ముఖం వెలిగిపోయింది. "నీకు సుత వచ్చిందా? అయితే నువ్వు నాకు చుట్టానివే పో!" ఆ రోజు నేను నవ్వలేకపోయాను. భయంతో ఆమె కాళ్లకేసి చూశాను. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను.

ఆమె భయం వేరే. అది మొదటి వారంలోనే చెప్పింది, పప్పు ఏరుతూ, వంటల ముచ్చట చెప్పినంత మామూలుగా.

"మా ముసలాయనకు గిదే షుగర్. అరికాల్ల ముల్లు ఇరిగింది, ఎరుక లేదు. గట్లనే పొలం చుట్టు తిరిగిండు. వరంగల్ల మోకాలు కిందికి తీసిండ్లు. తీసిన కాలును గుడ్డల సుట్టి నా చేతిల వెట్టిండ్లు. నేను, నా కొడుకు తెచ్చి చెలక ఒడ్డుకు బొందవెట్టినం. తర్వాత కొన్నొద్దులకు ఆయన పోయిండు. ఒక్క మనిషిని రెండుమాట్ల బొందవెట్టినం బిడ్డా."

చేట పక్కన పెట్టింది.

"పాడె మీద పండవెట్టినంక వేళ్లు కడ్దమని తాడు తీసిండ్లు. కడ్దమంటె రెండో వేలేది?"

చనిపోయినవాళ్ల రెండు బొటనవేళ్లు కలిపి కట్టడం మా దిక్కు ఆనవాయితీ. ఆ రోజు తాడు పట్టుకున్న మనిషి కాసేపు అటూ ఇటూ చూసి, దాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడట. అవ్వ మరిచిపోలేకపోయింది ఆ తాడునే.

"నాకైతే రెండూ కలిపి కట్టాలె. ఇంకేం అడగ ఎవ్వల్ని."

హన్మకొండ నుంచి వారానికోసారి ప్యాసింజర్ బండిలో ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి ఒకామె వచ్చేది. అవ్వ ఆమెను 'కసరత్ పిల్ల' అనేది. ఆ అమ్మాయి మొదటి రోజే ఏదీ దాచకుండా చెప్పింది. "అవ్వా, పోయిన స్పర్శ తిరిగొస్తదని నేను చెప్పను. పడకుండ నడుసుడు మాత్రం నేర్పుత. కాలు పంపే కబురు తలకు అందుతలేదు. ఇగ కండ్లు, తొడలు, నడుము కలిసి ఆ పని చెయ్యాలె."

"అంటె కాలు మూగదైంది, చుట్టాలు మాట్లాడాలె. అంతేనా?"

"అంతే."

"నా చుట్టాలు ఎప్పుడు సక్కగ మాట్లాడిండ్లు గనుక!"

మా రెండు వాటాల మధ్య పొడుగాటి నడవా ఉండేది. దాని ఆకుపచ్చ గోడే అవ్వ బడి. ఒక చెయ్యి గోడకు ఆనించి, ముఖం గోడవైపు పెట్టి, పక్కకు పక్కకు అడుగులు వేసేది. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి. వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచేది, తర్వాత మడమల మీద నిలబడేది. ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు వేళ్లు తగిలేలా పెట్టి ఊపిరి బిగబట్టేది. "ఊపిరి ఆపొద్దవ్వా!" అని ఆ అమ్మాయి అరిస్తే, "ఊపిరి ఇడిస్తె పడ్త!" అని ఈమె అరిచేది. చేతులు మోపకుండా కుర్చీలోంచి లేవడం అన్నిటికంటే కష్టంగా ఉండేది. లేచినప్పుడల్లా ఎవరో గెలిచినట్టు చుట్టూ చూసేది.

మా పాప అప్పుడప్పుడే పట్టుకుని నిలబడుతోంది. అదే గోడ, అదే పక్కడుగు. పైన అవ్వ అరచేతి జిడ్డు మరక, కింద పాప అరచేతి మరక. "నువ్వు ముందు నడుస్తవా, నేను నడుస్తనా సూద్దం దా," అని అవ్వ పందెం కాసేది. ఆ ఇద్దరిలో ఎవరు ముందు పడతారోనని నేను ఇద్దరి వెనకా చేతులు చాచుకుని తిరిగేదాన్ని.

కసరత్తు కంటే నియమాలే ఆమెకు గిట్టేవి కావు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి. వేసుకునేముందు లోపల చెయ్యి పెట్టి రాయో రప్పో ఉందేమో చూడాలి. నీళ్లు కాగాయో లేదో పాదంతో కాక మోచేత్తో చూడాలి. సాయంత్రం అద్దం నేలమీద పెట్టి అరికాళ్లు చూసుకోవాలి. అద్దం ముచ్చట బాగానే ఒప్పుకుంది. "పెండ్లినాడు సుత గింతసేపు సూస్కోలె," అనేది. చెప్పులతో వంటింట్లోకి పోవడానికే చాలా రోజులు పట్టింది. దేవుని అర ముందు మాత్రం ఎవరు చెప్పినా వినలేదు. చెప్పులతో అక్కడికి పోయేది కాదు, చెప్పులు విడిచేదీ కాదు. గడప బయటే నిలబడి దండం పెట్టేది.

అంతలో సమ్మెలు మొదలయ్యాయి. మా ఆయన ఆఫీసు మూతపడింది. పొద్దున లేచి సమ్మె టెంటుకు పోయి కూర్చునేవాడు. బస్సులు లేవు, చాలా రోజులు రైళ్లూ లేవు. కసరత్ పిల్ల రాలేక ఫోన్‌లో చెప్పేది. నేను స్పీకర్ పెట్టి ఫోన్‌ను కిటికీలో ఆనించేదాన్ని. అవ్వ దానివైపు అనుమానంగా చూసి, "నిలవడుమంటె నిలవడ్త. పడితె పట్టుకుంటదా గిది?" అనేది.

అవ్వ కొడుకు భూపాలపల్లిలో బొగ్గుబావిలో పని చేసేవాడు. వాళ్లూ సమ్మెలోకి దిగారు. బొగ్గు ఆగింది, కరెంటు కోతలు మొదలయ్యాయి. దాని అర్థం ఏమిటో మా ఇంట్లో మొదట తెలిసింది అవ్వకే. కళ్లతో నేలను చూస్తూ నిలబడే మనిషి ఆమె. వెలుతురు పోతే కాళ్లు కూడా పోయినట్టే. ఒక సాయంత్రం నడవాలో ఉండగా కరెంటు పోయింది. ధడేల్‌మని చప్పుడు. నేను పాపను ఎత్తుకుని చీకట్లో వెతుక్కుంటూ పోయేసరికి గోడవారన కూర్చుని ఉంది. దెబ్బ తగల్లేదు. పళ్లు మాత్రం టకటక కొట్టుకుంటున్నాయి.

"నా కొడుకు బొగ్గు తియ్యకపోతె నాకీడ కరెంట్ పోతది. వాని మీద కోపం చెయ్యాల్నా, సంబురపడాల్నా? జర నువ్వే చెప్పు."

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కరెంటు పోగానే ఆమె ఎక్కడుంటే అక్కడే ఆగి, గోడనో తలుపునో పట్టుకోవాలి. నేను ఈ వాటాలోంచి "ఉన్నవా అవ్వా?" అని కేకెయ్యాలి. ఆమె "ఉన్న!" అనాలి. నేను లాంతరు తెచ్చేదాకా "ఉన్న... ఉన్న..." అంటూనే ఉండాలి. మాట వినబడితే నిలబడి ఉన్నట్టు. ఒక్కోసారి కావాలని గొంతు ఆపేసేది. నా గుండె ఆగినంత పనయ్యేది. లాంతరు ముఖం మీదికి ఎత్తితే నవ్వుతూ కనబడేది. "పరేషాన్ అయినవా? నీకు సుత కసరత్ కావాలె కదనే, గుండెకు."

బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ యేడు ఆడవాళ్లంతా రోడ్డు మీదనే ఆడాలనుకున్నారు. అవ్వ అన్ని రోజులు గోడ పట్టుకుని పక్కడుగులు ఎందుకేసిందో అప్పుడు బయటపెట్టింది. గుండ్రంగా తిరగడానికి కావలసింది ఆ అడుగే. ముసలాయన పోయినప్పటినుంచి ఆమె ఆటలో కలవలేదు. కాళ్లు మొద్దుబారినంక ఆశ కూడా వదులుకుంది.

కసరత్ పిల్ల ఫోన్‌లో గట్టిగా చెప్పింది. "పో అవ్వా, ఆడు. నీ పక్కన ఇద్దరిని పెట్టుకో. చెప్పులు మాత్రం ఇడువకు."

"గౌరమ్మ ముందట చెప్పులతోటి ఎట్ల తిరుగుతనే?"

"అయితె కుర్చీల కూసొని సప్పట్లు కొట్టు."

సరేనంది. ఆమె సరే అంటే నేను భయపడాల్సింది, కాని ఆ రోజు నమ్మాను. రోడ్డు వారన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అంతకుముందు రోజు అదే కూడలిలో టైర్లు కాల్చారు. పొద్దున్నే ఆడవాళ్లు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గులు పెట్టారు. నల్లటి మచ్చ మీద తెల్లటి ముగ్గు. గునుగు పూల బతుకమ్మలు మధ్యలో పెట్టారు. పాట ఎత్తుకున్నారు. నేను పాపకు ఎండ తగలకుండా కొంగు కప్పి, మళ్లీ తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ కింద చెప్పులు రెండూ పక్కపక్కన, గుడి ముందు విడిచినంత కుదురుగా ఉన్నాయి.

అవ్వ వరుసలో ఉంది. వంగి చప్పట్లు, ఒక అడుగు పక్కకు, మళ్లీ వంగి చప్పట్లు. కళ్లు నేలమీదే. ఎవరో "అవ్వ ఆడుతాంది సూడుండ్లి!" అన్నారు. పక్కింటి కోడళ్లు ఇద్దరు ఆమెకు అటూ ఇటూ చేరారు. నా ప్రాణమంతా ఆ మోకాళ్లలోనే ఉంది. ఒకసారి తూలింది, తొడ బిగించి నిలదొక్కుకుంది. ఒక్కసారి కూడా పడలేదు. అందరం పడుతుందేమో అనే చూశాం. పడలేదని సంతోషపడ్డాం. ఇంటికొస్తుంటే ఆటోలో విడిచిన చెప్పులు ఒళ్లో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, "పెద్దది సరే. చిన్నది సుత మాట ఇన్నదే ఇయ్యాల!" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడడం అదే మొదటిసారి.

ఇంట్లో పాపను నడవాలో దించి, కుండలోంచి నీళ్లు ముంచుకోవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి పాప నేలమీద అరచేతులు టపటపా కొడుతూ ఆడుతోంది. రెండు చేతులూ ఎర్రగా ఉన్నాయి. కుంకుమ అనుకున్నాను. తడిగా ఉంది. రక్తం.

చెంబు ఎక్కడ పడేశానో తెలియదు. పాప గౌను విప్పి వేళ్లు, మోకాళ్లు, నోరు, తల అన్నీ వెతికాను. ఎక్కడా గీత కూడా లేదు. పాప నవ్వుతోంది. బిడ్డది కాకపోతే ఈ రక్తం ఎవరిది? అప్పుడు నేల వైపు చూశాను. గడప దగ్గర ఒక మరక. దాని తర్వాత ఇంకొకటి. సగం సగం పాదాల గుర్తులు నడవా పొడుగునా సాగి అవ్వ మంచం దగ్గర ఆగాయి.

అవ్వ మంచం మీద కూర్చుని రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద తింటోంది. కాళ్లు ఆడిస్తోంది.

"అవ్వా, నీ కాలు!"

"ఏమైందే?" కిందికి చూసింది. నేల మీద మరకలు చూసింది. "ఎవలిదే గా నెత్తురు? పిల్లకు తాకిందా?"

నేను ఆమె ఎడమ కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. బొటనవేలి కింద, మెత్తటి చోట, సన్నటి ఇనుప తీగ లోపలికి దిగి ఉంది. టైరు కాలాక మిగిలే తీగ. చీపురుకు అందక ముగ్గు కింద ఉండిపోయింది. ఆమె దాని మీద నిలబడి ఆడింది, ఆటో ఎక్కింది, ఇంట్లో నడిచింది. నేను కాలు పట్టుకుంటే కూడా ఆమెకు నొప్పి లేదు. నా ముఖం చూసి తెలుసుకుంది. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"చిన్నదా?" అంది మెల్లగా. "బొటనవేలి కాడనా?"

పక్కింటి ఆటోలో వరంగల్ దవాఖానకు బయలుదేరాం. పాపను చంకన వేసుకుని నేను, కాలు నా ఒళ్లో పెట్టుకుని అవ్వ. కొంతదూరం పోయాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, మొద్దులు. కుర్రాళ్లు ఆటోను ఆపారు.

"అవ్వా, జై తెలంగాణ అను, పోనిస్తం."

"అరేయ్, మీరు కాలవెట్టిన టైరు తీగ నా కాల్ల ఉన్నది. ఇంకేం జై అనాల్నురా?"

వాళ్లలో ఒకడు వంగి చూశాడు. కాలికి కట్టిన గుడ్డ తడిసి ఉంది. పోయి మొద్దు ఒక కొస ఎత్తాడు. మిగిలినవాళ్లూ పట్టారు. ఆటో కదిలాక అవ్వ తల బయటికి పెట్టి, "జై తెలంగాణ, పోండ్లి!" అని కేకేసింది. దారిలో "ఉన్నవా అవ్వా?" అని నేను అడుగుతూనే ఉన్నాను. ఆమె తలూపింది.

తీగ తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, గాయం మానేదాకా ఆ కాలు నేలకు మోపొద్దని డాక్టర్ చెప్పాడు. మానకపోతే వేలు తీయాల్సి వస్తుందన్నాడు. ఆ వేలే. తర్వాతి రోజుల్లో కట్టు విప్పినప్పుడల్లా ఆమె కళ్లు మూసుకునేది. "ఏం రంగున్నదే? నల్లగున్నదా?" అని నన్నే అడిగేది. నేను చూసి చెప్పేదాన్ని. కొన్ని రోజులు ఏ రంగో నాకే తెలిసేది కాదు. కసరత్ పిల్ల పద్ధతి మార్చింది. మంచం మీదే కాలు ఎత్తడం, దించడం, కూర్చుని తొడలు బిగించడం. అవ్వ ఎదురుమాట లేకుండా చేసింది. ఆ నెమ్మది చూస్తేనే నాకు మరీ భయం వేసింది.

పాప ఆ రోజుల్లోనే గోడ వదిలేసి నడిచింది. నేరుగా అవ్వ మంచం దగ్గరికే పోయి పడింది. "దాటిపోయినవా నన్ను?" అని దాన్ని పైకి లాక్కుంది.

గాయం నెమ్మదిగా పూడింది. వేలు మిగిలింది. అవ్వ మళ్లీ గోడ దగ్గరికి వచ్చిన రోజు చెప్పుల్లో చెయ్యి పెట్టి ఎంతసేపు తడిమిందో! దేవుని అర ముందుకు కూడా ఆ చెప్పులతోనే పోయింది. దండం పెట్టి, "నువ్వే సర్దుకో ఇగ," అంది.

మా ఆయనకు మహబూబాబాద్ బదిలీ అయినప్పుడు సామాను ఎక్కిస్తుంటే గేటు దాకా తనే నడిచి వచ్చింది. గోడ లేదు, చెయ్యి పట్టుకోలేదు. గేటు దగ్గర నిలబడి, వేరే మాటలేమీ లేకుండా, "నీ కాళ్లు సూస్కుంటున్నవా?" అని అడిగింది. నేను చూసుకుంటున్నాను. ఇప్పుడు కూడా ఈ కాగితాల పక్కన చిన్న అద్దం ఉంది.

*

నిన్న రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపేశాను. పొద్దున పాప జ్వరం తగ్గి పాలు అడిగింది. తర్వాత భూపాలపల్లి నుంచి కోడలు మళ్లీ ఫోన్ చేసింది. నిన్న సరిగా మాట్లాడలేకపోయిందట. మడమ పుండు ఎండాకాలానికే మానిందని, క్వార్టర్ గోడ పొడుగునా కొడుకు కర్ర కొట్టిస్తే అది పట్టుకుని నడిచేదని చెప్పింది. నిన్న పొద్దున ఛాయ తాగి, ఛాతీల నొప్పి అని ఒరిగిందట. అంతే.

నేను ఇంకా అడగలేదు. ఆమే చెప్పింది.

"అందరు ఏడుస్తుంటె నాకు నవ్వచ్చింది చెల్లే. వేళ్లు నేనే కట్టిన. రెండు బొటనవేళ్లు దగ్గరికి తెచ్చి తాడు సుడుతుంటె ఎడమ కాలు పక్కకు ఒరుగుతాంది. 'సక్కగ నిలవడే దొంగముండా' అన్న. మా అత్త గొంతే నా నోట్లకెల్లి వచ్చింది."

"గట్టిగ కట్టినవా వదినా?"

"గట్టిగనే కట్టిన."

ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే గోడకు చేరగిలబడ్డాను. అటువైపు నుంచి ఆమె కంగారుగా అడిగింది.

"చెల్లే? ఉన్నవా?"

"ఉన్న," అన్నాను.